మధ్యాహ్నం కరెంటు, రాత్రి కరెంటు: పిన్నాపురం చెప్పే లాభనష్టాల లెక్క

2020 జనవరి ఆఖరులో కేంద్ర ప్రభుత్వ సంస్థ సోలార్ ఎనర్జీ కార్పొరేషన్, అదే మనం సెకీ అనేది, ఒక టెండర్ ఫలితం ప్రకటించింది. అందులో ఒకే కంపెనీ ఒకే లైను మీద పంపే కరెంటుకి రెండు ధరలున్నాయి. మామూలు వేళల్లో యూనిట్ రూ.2.88. ఇది టెండర్ పిలిచినవాళ్లే ముందుగా ఖాయం చేసిన రేటు. వాడకం బాగా ఎక్కువగా ఉండే పీక్ వేళల్లో ఇచ్చే యూనిట్‌కి మాత్రం ఎవరికి గిట్టే ధర వాళ్లు వేసుకోవచ్చు. హైదరాబాద్ కంపెనీ గ్రీన్‌కో రూ.6.12 వేసి 900 మెగావాట్లు గెలుచుకుంది. రెన్యూ పవర్ రూ.6.85కి 300 మెగావాట్లు దక్కించుకుంది. చవక వేళ కరెంటుని దాచి పీక్ వేళల్లో ఇవ్వడానికి గ్రీన్‌కో నంద్యాల జిల్లా పిన్నాపురంలో నీళ్లని నమ్ముకుంది, రెన్యూ బ్యాటరీలని.

సోలార్, గాలి కరెంటు వ్యాపారంలో డబ్బు ఎక్కడుందని అడిగితే చూపించాల్సింది ఆ రెండు రేట్ల మధ్య తేడానే. యూనిట్ అదే, బల్బు వెలిగేది అలాగే. అడిగిన గంటకి ఇవ్వగలిగితే ధర రెట్టింపు.

పదేళ్ల కిందట కథ వేరు. నేల దొరికించుకుని, ప్యానెళ్లు పరిచి, కరెంటు పంపిణీ సంస్థతో, అంటే డిస్కంతో, పాతికేళ్ల ఒప్పందం రాసుకుంటే లాభం వచ్చేసినట్టే అనుకునేవాళ్లు. 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లాలో సోలార్ రేటు రూ.2.44కి దిగింది. 2020 చివరికి రెండు రూపాయలకి వచ్చేసింది. ప్యానెళ్లు చవకైతే ఒక్కరికే కాదు కదా, అందరికీ చవకవుతాయి. పత్తికొండ మార్కెట్‌కి టమాటా అంతా ఒకే వారంలో వచ్చిపడితే ధర ఏమవుతుందో కర్నూలు రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. సోలార్‌కి ఆ గతి రోజూ మధ్యాహ్నం పన్నెండు గంటలకే పడుతుంది. 2025 మే 25 ఆదివారం: ఆఫీసులకి సెలవు, ముందే వచ్చిన వానలతో వాతావరణం చల్లబడి ఏసీల వాడకం తగ్గింది. ఆ రోజు కరెంటు కొని అమ్ముకునే పవర్ ఎక్స్చేంజ్‌లో, అప్పటికప్పుడు బేరం జరిగే రియల్‌టైమ్ మార్కెట్‌లో, పగటి ధర దాదాపు సున్నాకి పడిపోయింది. అదే ఎక్స్చేంజ్‌లో వేసవి రాత్రుల్లో ధర గరిష్ఠ పరిమితి పది రూపాయలని తాకిన సందర్భాలూ ఉన్నాయి. సున్నాకీ పదికీ మధ్య ఉన్న ఆ ఖాళీలోనే నిల్వ వ్యాపారమంతా ఉంది.

గ్రీన్‌కో ఆ నిల్వని కట్టిన చోటు పిన్నాపురం, నంద్యాల జిల్లా పాణ్యం మండలం. 2022 మే 17న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్.జగన్‌మోహన్ రెడ్డి కాంక్రీట్ పనులు ప్రారంభించినప్పుడు ప్రకటించిన ప్రణాళిక మొత్తం 5,230 మెగావాట్లు. అందులో సోలార్ 3,000, గాలి 550, నీళ్లు పైకి తోడి కరెంటుని నిల్వ చేసే పంప్డ్ స్టోరేజ్ 1,680. పంప్డ్ స్టోరేజ్ టర్బైన్లు 2025లో ఒక్కొక్కటిగా గ్రిడ్‌కి ఎక్కాయి.

పని తీరు వినడానికి సులువే. గుట్ట మీద ఒక చెరువు, దిగువన ఇంకో చెరువు, మధ్యలో పెద్ద పైపులు, వెనక్కీ ముందుకీ తిరిగే టర్బైన్లు. పగలు కరెంటు చవకగా ఉన్నప్పుడు నీళ్లని పైకి తోడతారు. చీకటి పడ్డాక కిందికి వదిలి కరెంటు తీస్తారు. మొదటిసారి నింపడానికి గోరకల్లు రిజర్వాయర్ నుంచి నీళ్లు తెచ్చుకున్నారు. ఆ తర్వాత ఆ నీళ్లే పైకీ కిందికీ తిరుగుతుంటాయి. ఎండకి ఆవిరైనంత మటుకు ఏటా మళ్లీ పోసుకుంటే చాలు.

కష్టం లెక్కలో ఉంది. వెయ్యి లీటర్ల నీళ్లని వంద మీటర్ల ఎత్తు నుంచి దింపితే వచ్చే శక్తి పావు యూనిట్ పైచిలుకు, అంతే. ఒక ఫ్యాను మూడు నాలుగు గంటలు తిరిగేంత. 1,680 మెగావాట్లని ఆరేడు గంటలు నడపాలంటే అందుకే టీఎంసీకి అటూ ఇటూగా నీళ్లు కావాలి. అన్ని నీళ్లు పట్టే గుంట గుట్ట మీదా ఉండాలి, కిందా ఉండాలి. రెండూ దగ్గరదగ్గరగా ఉండి వాటి మధ్య ఎత్తు తేడా బాగా ఉండాలి. దేశంలో అలాంటి చోట్లు చాలానే ఉన్నాయి గానీ, రోడ్డు, లైను, నీళ్ల వసతి కూడా పక్కనే ఉన్నవి తక్కువ.

పైగా తోడిన కరెంటంతా తిరిగి రాదు. వంద యూనిట్లు పెడితే డెబ్భై అయిదు నుంచి ఎనభై వస్తాయి. పగటి కరెంటు రూ.2.50 అనుకుంటే, తిరిగొచ్చే ఒక్కో యూనిట్ వెనక తోడుడు ఖర్చే మూడుంపావలా. దాని మీద ప్రాజెక్టు కట్టిన ఖర్చు పడాలి. ఇక్కడ ఊహ అక్కర్లేదు, మహారాష్ట్రలో ఒక అసలు రేటు ఉంది. భావలి దగ్గర 1,500 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్‌కి జేఎస్‌డబ్ల్యూ ఎనర్జీతో అక్కడి డిస్కం 2024లో నలభై ఏళ్ల ఒప్పందం చేసుకుంది. మెగావాట్‌కి ఏడాదికి రూ.84.66 లక్షలు అద్దె. ఎనిమిది గంటల నిల్వ అది. ఏడాదిలో 330 రోజులు నింపి ఖాళీ చేస్తే మెగావాట్‌కి 26.4 లక్షల యూనిట్లు వస్తాయి, యూనిట్ మీద అద్దె రూ.3.20 పడుతుంది. అదే 200 రోజులే నడిపితే ఐదుంపావలా దాటుతుంది. అద్దె కట్టేది డిస్కం కాబట్టి, ఎన్ని రోజులు నడుపుతామన్న బెంగ కూడా డిస్కందే. కంపెనీ నడపడానికి సిద్ధంగా ఉంచితే చాలు, డబ్బు వస్తుంది. ఈ ఏర్పాటు లేకుండా, మార్కెట్‌లో తేడా చూసుకుని బతుకుతాం అని వెళ్లే పంప్డ్ స్టోరేజ్‌కి అప్పిచ్చే బ్యాంకు దొరకడం కష్టం. నలభై ఏళ్ల పాటు రాత్రి ధర ఎలా ఉంటుందో ఏ బ్యాంకు మేనేజర్ చెప్పగలడు?

బ్యాటరీ లెక్క వేరే. ముందు దాని ధర పడిపోయిన తీరు చూడాలి. 2022 ఆగస్టులో సెకీ పెట్టిన 500 మెగావాట్ల తొలి పెద్ద టెండర్‌లో జేఎస్‌డబ్ల్యూ గెలిచిన రేటు మెగావాట్‌కి నెలకి రూ.10.83 లక్షలు. రెండు గంటల బ్యాటరీ అది. 2024 మార్చికి గుజరాత్‌లో అది రూ.4.49 లక్షలకి వచ్చింది. అదే ఏడాది చివర్లో రాజస్థాన్‌లో రూ.2.21 లక్షలు. చివరి రేటు వెనక, గిట్టుబాటు కాని మేరకి కేంద్రం ఇచ్చే వయబిలిటీ గ్యాప్ సాయం కూడా ఉందన్నది మరచిపోకూడదు. అది తీసేసినా పతనం పతనమే.

ఒక మెగావాట్ రెండు గంటల బ్యాటరీ ఒకసారి నిండితే 2,000 యూనిట్లు. రోజుకి ఒకసారి చొప్పున నెలకి 60,000. 2022 రేటు ప్రకారం యూనిట్ మీద అద్దె పద్ధెనిమిది రూపాయలు, అంటే ఎవరూ కొనలేని ధర. రాజస్థాన్ రేటు ప్రకారం రూ.3.68. బ్యాటరీలో పోయే నష్టం తక్కువ, వందకి ఎనభై అయిదు దాకా తిరిగొస్తాయి కాబట్టి నింపే ఖర్చు రూ.2.94. మొత్తం రూ.6.62. పైన చెప్పిన నీళ్ల లెక్క కూడా దాదాపు ఆరున్నర దగ్గరే తేలింది. అంటే 2024 చివరి రేట్లతో రెండూ భుజం భుజం రాసుకున్నాయి. కానీ బ్యాటరీ ఒప్పందం పన్నెండు, పదిహేనేళ్లే. ఆ తర్వాత సెల్స్ మార్చుకోవాలి. నీళ్ల ప్రాజెక్టు నలభై ఏళ్లు నడుస్తుంది, ఆ పైన కూడా. మరో పక్క బ్యాటరీలు ఏడాది, ఏడాదిన్నరలో బిగించేయొచ్చు. నీళ్ల ప్రాజెక్టుకి తవ్వకాలే ఏళ్లు పడతాయి.

రోజుకి రెండుసార్లు నింపి ఖాళీ చేస్తే బ్యాటరీ అద్దె సగమై పోతుంది కదా అని టెండర్లలో ఆ షరతు పెడుతున్నారు. కాగితం మీద అందంగానే ఉంటుంది. రెండోసారి నింపడానికి చవక కరెంటు ఏ వేళలో దొరుకుతుంది? పగలు సోలార్‌తో ఒకసారి నింపాం, సాయంత్రం వదిలాం. తెల్లవారుజామున మళ్లీ వదలాలంటే అర్ధరాత్రి బొగ్గు కరెంటుతో నింపాలి. అప్పుడు తేడా రూపాయల్లో కాదు, పైసల్లో ఉండొచ్చు.

ఇంతవరకూ యంత్రాల సంగతి. నా ఉద్దేశంలో లాభాన్ని తేల్చేది యంత్రం కాదు, కాగితం. ఈ మాటకి రుజువు వెతకాలంటే పిన్నాపురం నుంచి ఎక్కువ దూరం వెళ్లక్కర్లేదు.

పొరుగునే గని, శకునాల గ్రామాల్లో దాదాపు ఆరు వేల ఎకరాల్లో 1,000 మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కు ఉంది. 2015 నవంబర్‌లో అక్కడి 500 మెగావాట్లకి ఎన్‌టీపీసీ పెట్టిన వేలంలో అమెరికా కంపెనీ సన్‌ఎడిసన్ రూ.4.63 వేసింది. అప్పటికి అది దేశంలోనే అతి తక్కువ ధర, పేపర్ల నిండా అదే వార్త. ఆరు నెలలు తిరక్కుండా, 2016 ఏప్రిల్‌లో, ఆ కంపెనీ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. కర్నూలు రేటు వల్లే మునిగిందనడం తప్పు. ప్రపంచమంతా అప్పు చేసి కంపెనీలు కొనుక్కుంటూ పోయింది, ఆ అప్పు ముంచింది. దాని భారతీయ ఆస్తులని గ్రీన్‌కో కొనుక్కుంది. గనిలో 500 మెగావాట్లూ గ్రీన్‌కో చేతికొచ్చాయి. ధర వేసినవాడు ఒకడు, లాభం చూసినవాడు ఇంకొకడు. ప్యానెళ్లు తయారుచేసేవాళ్ల మధ్య పోటీతో ధర పడిపోతున్న కాలంలో కొంత ఆగి కట్టినవాడికి అదే 4.63 గిట్టుబాటు రేటు అయింది.

రెండో కథ ఇంకా ముఖ్యం. 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ డిస్కంలు గాలి కరెంటుకి యూనిట్ రూ.4.84 దగ్గర చాలా ఒప్పందాలు రాసుకున్నాయి. 2017 చివరికల్లా గుజరాత్‌లో గాలి రేటు రూ.2.43కి దిగింది. సగానికి సగం. 2019 జులై 1న కొత్త ప్రభుత్వం జీవో 63తో ఒక ఉన్నతస్థాయి కమిటీ వేసింది. పాత రేట్లు తగ్గించుకోండి అన్నది సారాంశం. కంపెనీలు హైకోర్టుకి వెళ్లాయి. విషయం తేలేదాకా గాలికి రూ.2.43, సోలార్‌కి రూ.2.44 చొప్పున మధ్యంతరంగా చెల్లించమని కోర్టు చెప్పింది. 2022 మార్చి 15న డివిజన్ బెంచ్ తీర్పిచ్చింది: ఒప్పందంలో రాసుకున్న రేటే ఇవ్వాలి, బకాయిలు ఆరు వారాల్లో చెల్లించాలి.

కంపెనీలు గెలిచాయి. కానీ ఆ రెండున్నరేళ్లూ సగం ఆదాయంతో పూర్తి వాయిదాలు కట్టినవాళ్ల సంగతేమిటి? బ్యాంకు వడ్డీ కోర్టు తీర్పు కోసం ఆగదు. ఆ దెబ్బతోనే దేశంలోని రుణదాతలు డిస్కం సంతకాన్ని వేరే కళ్లతో చూడటం మొదలుపెట్టారు. అదే ఏడాది జూన్‌లో కేంద్రం తెచ్చిన ఆలస్య చెల్లింపు నిబంధనలు ఆ భయాన్ని కొంత తగ్గించాయి. డిస్కంలు పాత బకాయిలని 48 వాయిదాల్లోపు తీర్చాలి, లేకపోతే బయటి కరెంటు కొనుక్కునే దారి మూసుకుపోతుంది.

ఈ కథని ప్రభుత్వం మాట తప్పడంగా చెప్పేవాళ్లు ఉన్నారు, కంపెనీలు జనాన్ని దోచుకోవడంగా చెప్పేవాళ్లూ ఉన్నారు. రెండు పక్షాలూ ఒక విషయం పక్కన పెడుతున్నాయి. ధరలు ఏటేటా పడిపోయే సరుకులో, కొన్నవాడికి మరీ భారమైన ఒప్పందమే మొదట తెగుతుంది. చట్టం దాన్ని కాపాడొచ్చు, కానీ ఎప్పటికి కాపాడుతుందో చెప్పలేం. బ్యాటరీల్లో అదే మళ్లీ జరిగింది. సెకీ ఆ రూ.10.83 లక్షల నిల్వని కొనే డిస్కంల కోసం వెతుకుతుండగానే మార్కెట్ రేటు సగానికి దిగిపోయింది. చివరికి 2025 మొదట్లో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి ఆ రేటుని ఆమోదించలేదు. గెలిచిన బిడ్ చిత్తు కాగితమైంది.

కాబట్టి లాభం తెచ్చే ప్రాజెక్టు అంటే ఎక్కువ రేటుకి సంతకం పెట్టించుకున్న ప్రాజెక్టు అనుకోకూడదు. ఐదేళ్ల తర్వాత కొత్త టెండర్ రేటు వచ్చినా కొన్నవాడు పశ్చాత్తాపపడనంత దగ్గరలో ఉండాలి మన రేటు. అందుకే గ్రీన్‌కో వేసిన 6.12 నాకు తెలివైన అంకెగా కనిపిస్తుంది. రెండు వేళలూ కలిపి సగటు చూస్తే యూనిట్ నాలుగు రూపాయల పైన నాలుగు పైసలే. కొత్త బొగ్గు కేంద్రం కరెంటుతో పోల్చుకున్నా డిస్కంకి అది బరువు కాదు.

వడ్డీ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే బొగ్గు కొనక్కర్లేని చోట వడ్డీయే పెద్ద ఖర్చు. మెగావాట్‌కి ఆరు కోట్లు ఖర్చనుకుందాం, అందులో 70 శాతం అప్పు. వడ్డీ ఒక్క శాతం పెరిగితే ఏడాదికి రూ.4.2 లక్షలు. భావలి లాంటి ప్రాజెక్టులో అది యూనిట్ మీద పదహారు పైసలు. పోటీలో గెలుపోటములు తేలేది తరచూ అంతకన్నా తక్కువ తేడాతోనే. ఇక అంతా కట్టేశాక సబ్‌స్టేషన్ సిద్ధం కాక ఏడాది ఆగితే, తొమ్మిది శాతం వడ్డీ మీద మెగావాట్‌కి 38 లక్షలు ఊరికే పోతాయి. సోలార్ ప్లాంటు ఏడాదిన్నరలో లేస్తుంది, పెద్ద లైను వెయ్యడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. రాజస్థాన్‌లో 2025లో తయారైన కరెంటుని పంపే దారి లేక ఆపేసుకున్న కంపెనీలు ఈ పాఠం ఖర్చు పెట్టి నేర్చుకున్నాయి. రాష్ట్రాల మధ్య లైన్లకి కట్టాల్సిన చార్జీల మాఫీ కూడా 2025 జూన్ 30తో సోలార్, గాలి ప్రాజెక్టులకి ముగిసింది, తర్వాత వచ్చేవాటికి ఏటా పాతిక శాతం చొప్పున పెరుగుతూ చార్జీ పడుతుంది. బ్యాటరీ పక్కనే పెట్టుకుంటే ఆ బ్యాటరీకి 2028 జూన్ దాకా వెసులుబాటు ఉంది.

నేల, నీళ్లు, ఊళ్లు. కర్నూలు, నంద్యాల, అనంతపురం మెట్ట పొలాల్లో ఎకరాకి ఏడాదికి ముప్పై వేల చుట్టుపక్కల కౌలు ఇస్తామంటే, వానని నమ్ముకుని వేరుశనగ వేసే రైతుకి అది కాదనలేని మాట. పట్టాదారుకి సరే, ఆ పొలంలో కూలికి వెళ్లేవాళ్లకి కౌలు రాదు. కంపెనీ నివేదికల్లో ఈ వాక్యం ఎక్కడా కనపడదు. అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాల్లో ప్రతిపాదించిన పంప్డ్ స్టోరేజ్‌లని గిరిజన గ్రామాలు అడ్డుకుంటున్నాయి. అయిదో షెడ్యూల్ ప్రాంతంలో గ్రామసభని పక్కకి పెట్టి ముందుకెళ్లే ప్రాజెక్టు ఎన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరుగుతుందో లెక్కల పట్టికలో ఒక గడి పెట్టుకోవడం మంచిది.

నది మీద కట్టడం ఇంకో తలనొప్పి. నాగార్జునసాగర్‌లో 100.8 మెగావాట్ల చొప్పున ఏడు రివర్సిబుల్ యూనిట్లు 1980ల నాటికే వచ్చాయి. అంటే నీళ్లు తోడే శక్తి నలభై ఏళ్ల కిందటే మనకి ఉంది. దిగువన నీళ్లు నిలిపే టెయిల్‌పాండ్ మాత్రం దశాబ్దాల పాటు పూర్తికాలేదు. కింద నీళ్లు లేకుండా పైకి ఏం తోడతారు? ఇప్పుడు పవర్‌హౌస్ తెలంగాణలో ఉంటే టెయిల్‌పాండ్ ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. కృష్ణా నీళ్ల మీద రెండు రాష్ట్రాల పంచాయితీ తెలిసిందే. 2021లో శ్రీశైలం, సాగర్ పవర్‌హౌస్‌ల దగ్గర పోలీసులని మోహరించేదాకా వెళ్లింది. నదికి దూరంగా, తన నీళ్లు తను తిప్పుకునే పిన్నాపురం తరహా ఏర్పాటుని కంపెనీలు ఎందుకు ఇష్టపడుతున్నాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

నిల్వకి ఎవరూ పెద్దగా పట్టించుకోని పోటీ ఒకటుంది: వ్యవసాయ పంపుసెట్టు. ఒకప్పుడు రైతులు అర్ధరాత్రి లేచి మోటారు వేసుకునేవాళ్లు. పగటిపూట తొమ్మిది గంటల సరఫరా వచ్చాక ఆ వాడకం సూర్యుడున్న వేళకి మారింది. 2021 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ సెకీతో 7,000 మెగావాట్ల సోలార్‌కి రూ.2.49 చొప్పున ఒప్పందం చేసుకున్నది ఈ పగటి సరఫరా పేరుతోనే. ఆ ఒప్పందం మీద రాజకీయ గొడవ వేరే విషయం. ఇక్కడ గమనించాల్సింది ఒకటే: వాడకాన్ని పగలుకి జరిపితే బ్యాటరీ అక్కర్లేదు, నీళ్లు తోడక్కర్లేదు, వందకి ఇరవై యూనిట్లు పోవు. భూమిలోంచి పైకొచ్చి పొలంలో పారిన నీళ్లే నిల్వ.

కొత్తగా పెట్టుబడి పెట్టేవాళ్లకి ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. పగటి వాడకం పెరిగితే మధ్యాహ్నం ధర అంత పడిపోదు. నిల్వ పెరిగేకొద్దీ సాయంత్రం ధర అంత ఎక్కదు. రెండు వైపుల నుంచీ తేడా సన్నబడుతుంది, అంటే ప్రతి కొత్త బ్యాటరీ పాత బ్యాటరీ లాభాన్ని కొంచెం కొరుక్కుతింటుంది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ కొత్త సోలార్ టెండర్లన్నిటిలో ప్లాంటు సామర్థ్యంలో కనీసం పది శాతానికి రెండు గంటల నిల్వ పక్కనే ఉండాలని సూచించింది. ఇంకోపక్క సెకీ, ఇతర సంస్థలు టెండర్లు పిలిచి, విజేతలకి లేఖలిచ్చి, కొనే డిస్కం దొరక్క ఆగిన సామర్థ్యం 2025లో 40 గిగావాట్లు, అంటే 40,000 మెగావాట్లు, దాటింది. వాటిలో చాలా వరకు నిల్వ లేని మామూలు సోలార్. డిస్కం అధికారి అడిగేది ఇప్పుడు ఒక్కటే: రాత్రి ఏడు నుంచి పది దాకా ఎంత ఇస్తావు, పావుగంటకి పావుగంట లెక్కన రాసిస్తావా? దానికి జవాబు చెప్పగలిగినవాళ్లకే 2025 తర్వాత సంతకాలు దొరుకుతున్నాయి.